విర్కాన్ ఎస్: బూట్లకూ పెట్టెలకూ మంచి మందు, కప్పకు మాత్రం కాదు

కోళ్ళ ఫారం గుమ్మంలో కాళ్ళు ముంచే తొట్టిలోని గులాబీ రంగు నీళ్ళుగా చాలామందికి తెలిసిన క్రిమిసంహారక మందే విర్కాన్ ఎస్. జూలలో, కప్పల పెంపక కేంద్రాల్లో కైట్రిడ్ ఫంగస్‌ను ఆపడానికీ దీన్నే వాడతారు.

కైట్రిడ్ కప్ప చర్మాన్ని పట్టుకుంటుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. దాని బీజాలు నీళ్ళలో ఈదుతాయి. అందుకే కప్పతో పాటు పెట్టెలో వచ్చిన నాచు, తడి వల, కాస్త నీరు చాలు, రోగం కొత్త చోటికి చేరిపోతుంది.

కలిపే కొలత లీటరుకు 10 గ్రాములు. 50 గ్రాముల ప్యాకెట్ 5 లీటర్లకు సరిపోతుంది. చెంచా లెక్కలు వద్దు, తూచి వేయండి. పొడి ముక్కులోకి పోతే మంట పుడుతుంది కాబట్టి మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ముందు బూట్ల బురదంతా బ్రష్‌తో గీకి కడిగి, తర్వాత మందులో 5 నిమిషాలు ఉంచాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఈ కడగడం దగ్గరే. మట్టి, కుళ్ళిన ఆకులు అంటుకుని ఉంటే మందు శక్తంతా వాటి మీదే ఖర్చయిపోతుంది, ఫంగస్ దాకా రాదు. గులాబీ రంగు వెలిస్తే పారబోయాలి. తొట్టి బురదగా మారితే రంగు ఉన్నా మార్చాల్సిందే. ఇనుప సామాను తుప్పు పట్టకుండా వెంటనే మంచినీళ్ళతో కడగండి. బ్లీచ్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. కడిగిన నీళ్ళు కుంటలోకి పారకూడదు.

ఈ మందు సత్తా, దాని హద్దు రెండూ స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో బయటపడ్డాయి. అక్కడి అరుదైన మిడ్‌వైఫ్ కప్పను కాపాడాలని పెంపక కేంద్రాల్లో పెంచి కొండవాగుల్లో వదిలారు. కేంద్రంలో దక్షిణాఫ్రికా జెనోపస్ కప్పలతో ఒకే గదిలో ఉన్నప్పుడు ఈ మిడ్‌వైఫ్ కప్పలకు కైట్రిడ్ అంటి, వదిలిన కప్పలతోనే దీవికి చేరిందని 2008లో పరిశోధకులు వెల్లడించారు. తర్వాత తోకకప్పలను బయటికి తీసి, ఫంగస్‌ను చంపే ఇట్రాకొనజోల్ మందు కలిపిన నీళ్ళలో ఉంచి, కుంటలు ఎండగట్టి, మళ్ళీ వదిలితే ఫంగస్ తిరిగొచ్చింది. రెండోసారి అదే వైద్యం చేస్తూ, తోకకప్పలు బయట ఉన్నప్పుడు కుంటల్లో, చుట్టూ రాళ్ళ మీద విర్కాన్ ఎస్ కూడా వాడారు. అప్పుడు అయిదు కుంటల్లో నాలుగింటి నుంచి పోయింది. ఆ ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి.

కానీ రోగం దీవికి వెళ్ళింది కప్ప ఒంటి మీద. ఈ మందు కప్ప మీద చల్లేది కాదు. డబ్బా కొన్నాం కదా అని క్వారంటైన్ మానేసే కేంద్రానికి దీనివల్ల మేలు లేదనే చెబుతాం. కొత్తగా వచ్చిన వాటికి వేరే గది, వేరే వల, వేరే బూట్లు ఉండాలి. రోజూ పాత కప్పల పని ముగిశాకే వాటి దగ్గరికి వెళ్ళాలి. పొట్ట, తొడల లోపలి వైపు, వెనక కాళ్ళ వేళ్ళ మధ్య పొర మీద స్వాబ్ రుద్ది, ఫంగస్ డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్షకు పంపాలి. జెనోపస్ లాంటివి రోగం మోస్తూ కూడా నిక్షేపంగా కనిపిస్తాయి. ఫంగస్ తక్కువగా ఉన్నప్పుడు ఒక్క పరీక్షకు దొరకదు, తరలించే ముందు మళ్ళీ చేయించండి. మన దగ్గర హైదరాబాద్ సీసీఎంబీ వారి లాకోన్స్‌లో (అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ ప్రయోగశాల) ఈ ఫంగస్ మీద పరిశోధన జరుగుతోంది.

క్వారంటైన్ తొట్టి నీళ్ళను డ్రైనేజీలోకి వదిలే ముందు కూడా లీటరుకు 10 గ్రాముల లెక్కే. నీళ్ళు ఎక్కువైతే ఖర్చు పెరుగుతుంది, అక్కడ దీనికి బదులు అప్పటికప్పుడు నీళ్ళలో కలిపిన బ్లీచ్ చవక. వలలు, బూట్లను శుభ్రం చేశాక ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. తడి లేకపోతే కైట్రిడ్ బతకదు.