ఐదు యెన్ల దేవుడా, అద్దింటి దేవుళ్లా: ఏది మేలు?

జపాన్ ఐదు యెన్ల బిళ్ల ఎప్పుడైనా చేతిలో పెట్టుకుని చూశారా? పసుపుపచ్చటి ఇత్తడి, మధ్యలో చిల్లు. మన తాతల కాలం నాటి చిల్లుకాణీ గుర్తొస్తుంది. ఒక పక్క బరువుకి వంగిన వరికంకి, దాని కింద నీటి గీతలు, చిల్లు చుట్టూ పళ్లచక్రం. దాంతో ఈ రోజుల్లో కొనగలిగేది దాదాపు ఏమీ లేదు. అయినా గుడికి వెళ్లినప్పుడు జపాన్‌లో చాలామంది పర్సు వెతికి మరీ ఈ బిళ్లే హుండీలో వేస్తారు. 'గో ఎన్' అంటే ఐదు యెన్లు, 'గోఎన్' అంటే బంధం, మన మాటలో రుణానుబంధం. ఐదు యెన్లు వేస్తే దేవుడితో ముడి పడిందన్నమాట.

'నోరగామి' అనే మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, మొత్తం ఈ ఒక్క శ్లేష మీదే నిలబడింది. దాని సంగతికి వస్తాను.

మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. అనిమేలు (జపాన్ యానిమేషన్ సీరియళ్లు) చూసీ చూసీ ఇప్పుడు పుస్తకాలు కొనే దశకొచ్చాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, దేవుడు మనుషుల మధ్య బికారిలా తిరిగే కామెడీ ఒకటి చెప్పు. ఒక్కటే. డబ్బుల్లేవు" అన్నాడు. దేవుడి దగ్గరా డబ్బుల్లేవు, వీడి దగ్గరా లేవు, ఇద్దరికీ బాగానే కుదిరింది. కానీ ఒక్కటే అనేసరికి నాకు చిక్కొచ్చి పడింది. నా లెక్కలో మూడున్నాయి: నోరగామి, సెయింట్ యంగ్ మెన్, కన్నగి.

కన్నగి అంటే మధురను తగలబెట్టిన తమిళుల కణ్ణగి కాదు. దాన్ని ముందే తేల్చేద్దాం, ఎందుకంటే పోటీలోంచి మొదట తప్పుకునేది అదే. తకెనాషి ఎరి అనే రచయిత్రి 2005లో మొదలుపెట్టింది. ఒక కుర్రాడు జిన్, నరికేసిన దేవతా వృక్షం మొద్దుతో బొమ్మ చెక్కుతాడు. ఆ బొమ్మ పగిలి అందులోంచి ఆ నేలను కాపాడే దేవత నాగి బయటికొస్తుంది. చెట్టు పోయింది కాబట్టి శక్తీ పోయింది. ఊళ్లో పేరుకున్న మాలిన్యాన్ని పోగొట్టడానికి ఆవిడ చేతిలో ఉన్న ఆయుధం చిన్నపిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ మంత్రదండం. భక్తి పెరిగితే శక్తి తిరిగొస్తుందని తానే ఒక సినీతారలా జనాన్ని పోగేసుకోవాలని చూస్తుంది.

ఆలోచన బంగారం. దాని వెనక నిజమైన చరిత్ర కూడా ఉంది. 1906 నుంచి జపాన్ ప్రభుత్వం చిన్న చిన్న షింతో (జపాన్ వాళ్ల సొంత మతం) గుళ్లను పెద్ద గుళ్లలో కలిపేయమంది. కొన్నేళ్లలోనే దాదాపు 70 వేల గుళ్లు లేకుండా పోయాయి. గుడి పోతే గుడివనం కూడా గొడ్డలికే. ఆ చెట్ల కోసం మినకాతా కుమగుసు అనే ప్రకృతి శాస్త్రవేత్త ఊరూవాడా ఏకం చేసి గొడవపడి, 1910లో కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నాడు. చెట్టు పోతే దేవత ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న వాళ్లకు ఉబుసుపోక పుట్టింది కాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వేపచెట్టు కింది మైసమ్మను ఎక్కడికి జరపాలా అని తల పట్టుకున్న మన ఊళ్లవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

అయితే కన్నగి ఆ ప్రశ్నను పట్టుకుని ఎక్కువ దూరం పోదు. బడి, స్నేహితులు, ఎవరు ఎవరిని ఇష్టపడుతున్నారు అన్న గోలలో పడిపోతుంది. తాను నిజంగా దేవతేనా అని నాగికే అనుమానం వచ్చే ఘట్టం ఒకటుంది, అది మాత్రం చాలా బాగుంటుంది. ఇంకో విడ్డూరం. ఈ దేవతకు గతంలో ఒక ప్రియుడు ఉండేవాడేమో అన్న సూచన కథలో రాగానే 2008లో అక్కడి అభిమానుల్లో కొందరు నానా యాగీ చేశారు. భక్తులు లేక బలహీనపడిన దేవత కథను చదివే భక్తులే ఆవిడను వదిలేస్తామని బెదిరించడం! రచయిత్రి కూడా ఆపలేని హాస్యం అది. ఆ తర్వాత ఆమె అనారోగ్యం వల్ల కథ చాలాకాలం ఆగి, 2011లో మళ్లీ మొదలై, 2017లో ముగిసింది. ఆ ఆగిన చోటు చదువుతుంటే తెలిసిపోతుంది.

ఇక అసలు పోటీ మిగతా రెండింటికే.

సెయింట్ యంగ్ మెన్ (జపనీస్‌లో సెయింతో ఓనీసాన్) నకామురా హికారు 2006 నుంచి రాస్తున్న మాంగా. 2009లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారాల్లో చిన్న కథల విభాగంలో బహుమతి వచ్చింది. ఏసుక్రీస్తు, బుద్ధుడు సెలవు పెట్టి భూమ్మీదికి దిగి, టోక్యో శివార్లలో తచికావాలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని ఉంటారు. కథ అంతే. బుద్ధుడు పైసా పైసా లెక్క చూసే గృహస్థు టైపు. ఏసు చేతికి డబ్బు అందితే నిలవదు, పైగా టీవీ సీరియళ్ల మీద బ్లాగు రాస్తుంటాడు. బయటికెళ్తే బడి ఆడపిల్లలు ఆయన్ని చూసి హాలీవుడ్ నటుడు జానీ డెప్‌లా ఉన్నాడని గుసగుసలాడుకుంటారు.

ఇందులో గమనించాల్సింది, వీళ్లు బలహీనపడిన దేవుళ్లు కారు. బలహీనపడింది వాళ్ల పర్సు. శక్తి మాత్రం ఎక్కడికీ పోలేదు, అదే తంటా. బుద్ధుడికి మనసు కరిగితే ఒళ్లు వెలిగిపోతుంది, పక్కింటివాళ్లు చూడకుండా ఆర్పుకోవాలి. ఏసుకు సంతోషం కలిగితే ముళ్లకిరీటానికి గులాబీలు పూస్తాయి, దగ్గర్లో రాళ్లుంటే రొట్టెలైపోతాయి. నోరగామిలో దేవుడు యాతోకు శక్తి రాక తిప్పలు, వీళ్లకు శక్తి ఆగక తిప్పలు.

నవ్వు సంగతి ఒక్కటే చూస్తే ఇదే గెలుస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. మన పాఠకుడికి ఇంకో లాభం కూడా ఉంది. బుద్ధుడికి ఆకలేస్తే జంతువులు నేనంటే నేనని ఆయనకు ఆహారమైపోవడానికి ముందుకొచ్చే జోకు ఒకటుంది. జాతక కథల్లో అతిథి కోసం మంటలోకి దూకిన కుందేలు కథ తెలిసినవాడికి అది వెంటనే తగులుతుంది. చంద్రుణ్ని శశాంకుడు అన్నప్పుడల్లా మనం తలుచుకునేది ఆ కుందేలునే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చూస్తూ పెరిగిన వాళ్లం, జాతక కథలు మనకు పరాయివి కావు. బోధి వృక్షం కింద జ్ఞానం పొందాక దాన్ని లోకానికి చెప్పమని బుద్ధుణ్ని బతిమాలింది బ్రహ్మ అని బౌద్ధ గ్రంథాలు చెప్తాయి కదా. ఈ మాంగాలో ఆ బ్రహ్మ 'బోంతెన్' పేరుతో వచ్చి, బుద్ధుడి చేత కామిక్స్ గీయించాలని వెంటపడే ఎడిటర్ అవతారం ఎత్తుతాడు. అదే పట్టు, అదే బతిమాలడం, పని మాత్రం మారింది. బైబిలు కథలు కూడా తెలిస్తే రెండు చేతులా నవ్వుకోవచ్చు.

మరి మనోభావాలు? నాకూ మొదట ఆ భయం ఉండేది. చదివాక పోయింది. ఇందులో ఎగతాళి లేదు. వాళ్ల మంచితనమే వాళ్లను ఇరుకున పెడుతుంది, మనం నవ్వేది ఆ ఇరుకును చూసి. అయినా ఇంట్లో పెద్దవాళ్ల ముందు టేబుల్ మీద పడేసే ముందు కాస్త ఆలోచించుకోండి.

దీని లోటు ఒక్కటే. ఒక కథ చదివి ఇంకో కథకు వెళ్తే మొదటిది మర్చిపోయినా నష్టం లేదు. ఎవరికీ ఏమీ కాదు. సెలవు అయిపోతే ఇద్దరూ ఇంటికెళ్లిపోతారు, ఆ ఇల్లు స్వర్గం. పది కథలు వరసగా చదివితే పది జిలేబీలు తిన్నట్టే ఉంటుంది. రోజుకొకటి అయితే అమృతం.

నోరగామికి వద్దాం. 'నోర' అంటే దిక్కూమొక్కూ లేకుండా తిరిగేది. వీధికుక్కను, వీధిపిల్లిని అక్కడ అలాగే పిలుస్తారు. ఆ లెక్కన ఇది 'వీధిదేవుడు'. అదాచితోకా అన్న పేరుతో ఇద్దరు మహిళలు కలిసి 2010 డిసెంబరులో మొదలుపెట్టి 2024 జనవరిలో ముగించారు. మొత్తం 27 సంపుటాలు.

యాతో వేషం ఒక ట్రాక్ సూటు, మెడకో పాత స్కార్ఫు. గుడి లేదు, ధూపదీపనైవేద్యాల మాట దేవుడెరుగు. మన దగ్గర 'బోర్లు వేయబడును' అని రాసినట్టు, గోడల మీద తన ఫోన్ నంబరు తానే రాసుకుంటాడు. ఫోన్ మోగితే చాలు, త్వరగా, చవగ్గా, నమ్మకంగా చేసిపెడతానంటూ షాపువాడిలా ఊదరగొట్టి వాలిపోతాడు. బాత్రూమ్ కడగాలన్నా సరే, తప్పిపోయిన పిల్లిని వెతకాలన్నా సరే. దక్షిణ ఐదు యెన్లు. ఆ బిళ్లలన్నీ ఒక సీసాలో వేసుకుంటాడు. ఎప్పటికైనా గొప్ప గుడి కట్టుకోవాలని కల.

ఇక్కడి వరకూ ఎవరైనా రాయగలరు. అసలు కిటుకు తర్వాతే ఉంది. ఈ కథలో పేరున్న దేవుడు చనిపోతే భక్తుల తలపులో ఉన్నాడు కాబట్టి మళ్లీ పుడతాడు. యాతోను తలుచుకునేవాళ్లే లేరు, పోతే పోయినట్టే. మనుషుల కళ్లు అతని మీద నిలవవు, చూసినా కాసేపటికి మర్చిపోతారు. అందుకే ఆ గోడ మీది నంబరు జోకు రెండోసారి చదివినప్పుడు జోకులా ఉండదు. ఇతన్ని కాపాడబోయి బస్సు కింద పడిన హియోరి అనే బడిపిల్ల, ఆ దెబ్బకు అప్పుడప్పుడూ ఒంట్లోంచి ఆత్మ జారిపోయే స్థితికి వస్తుంది. నన్ను మళ్లీ మామూలు మనిషిని చెయ్యమని ఐదు యెన్లు ఇస్తుంది. ఆ పని పూర్తయితే ఆమె ఇతన్ని మర్చిపోవచ్చు. పూర్తి కాకపోతే మాట తప్పినట్టు. అర్థమైందా మెలిక?

దేవుడు చేతకానివాడైతే దానికదే నవ్వు రాదు. వాడికి పోయేదేదో ఉండాలి. నవ్వుతున్నప్పుడే ఇది ఎక్కడ తెగిపోతుందో అన్న గుబులు ఉండాలి. తచికావా గదిలో లేనిది అదే.

యుకినే సంగతి కూడా చెప్పాలి. చిన్నవయసులో చనిపోయిన కుర్రాడి ఆత్మ. యాతో పేరు పెట్టి చేరదీస్తే అతని చేతిలో కత్తిగా మారతాడు. ఇక్కడి నియమం ప్రకారం సేవకుడు తప్పు చేస్తే దేవుడి ఒంటికి తగులుతుంది. యుకినే ఏదో దొంగిలిస్తాడు, యాతో మెడ వెనక చురుక్కుమంటుంది. చెయ్యి మెడ మీదికి పోతుంది, నోరు మాత్రం పెగలదు. ఆ ఒక్క బొమ్మలో తండ్రి పడే బాధంతా ఉంది.

మనవాళ్లకు ఇక్కడా చుట్టాలు దొరుకుతారు. సింహం మీద వచ్చే యుద్ధదేవత బిషామోన్ ఎవరనుకున్నారు? వైశ్రవణుడు. విశ్రవసుని కొడుకు, రావణాసురుడి అన్నగారు, మన కుబేరుడు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి అక్కడి సప్త భాగ్యదేవతల్లో ఒకడయ్యాడు. అదాచితోకా చేతిలో పడి ఆడమనిషి అయ్యాడు. ఆవిడ బట్టల పొదుపు చూస్తే కుబేరుడి ఇంట ఇంత కరువా అనిపిస్తుంది, ఈ పుస్తకంలో నాకు నచ్చనిది అదొకటి. ఇంకొకటి, సగం దాటాక కామెడీ బాగా పలచబడుతుంది. యాతో గతం, అతన్ని ఆడించే 'నాన్న' ముందుకొచ్చాక కథ చీకటిగా, బరువుగా మారిపోతుంది. నవ్వుకోవడానికే కొన్నవాడు మోసపోయాననుకోవచ్చు.

2014లో, 2015లో బోన్స్ స్టూడియో తీసిన రెండు సీజన్ల అనిమే ఉంది. బాగుంటుంది, కానీ మధ్యలో ఆగిపోతుంది. అది చూసినవాళ్లు కూడా పుస్తకం మొదటి నుంచి పట్టుకోవడమే మంచిది.

ఇంగ్లీషులో రెండూ దొరుకుతాయి. సెయింట్ యంగ్ మెన్ మాత్రం ఇంగ్లీషులోకి రావడానికి 2019 దాకా పట్టింది. పరీక్షల మధ్య పది నిమిషాలు దొరికితే చదువుకునేవాడికి, మాంగా అలవాటు లేని స్నేహితుడికి బహుమతిగా ఇవ్వాలనుకునేవాడికి అదే మేలు. ఏ పేజీ తీసినా కథ ముందూ వెనకా తెలియక్కర్లేదు. ఒక్కటే కొంటాను, అది చాన్నాళ్లు నాతో ఉండాలి అంటే నోరగామి. 27 సంపుటాలు చూసి దడుచుకోకండి. మొదటి మూడు తీసుకుంటే ఇది మీకు పడుతుందో లేదో తేలిపోతుంది.

మావాడికి అదే చెప్పాను. వాడు రెండే తెప్పించుకున్నాడు, మూడోదానికి వచ్చే నెల పాకెట్ మనీ రావాలట. నిన్న రాత్రి పదకొండున్నరకు మళ్లీ ఫోన్. "అన్నా, ఆ యుకినే గాడు దొంగతనాలు మానట్లేదు. ఈయనేమో ఒళ్లంతా పాడవుతున్నా వాణ్ని వదిలెయ్యడు, తిట్టడు. ఎందుకంటావ్?"

మూడోది చదువు, అన్నాను. పొద్దున చూస్తే, డబ్బులు పంపమని మెసేజ్ పెట్టాడు.