ఫ్రాంక్‌ఫర్ట్‌, మ్యూనిక్‌, బెర్లిన్‌: పిల్లల బడి కోసం ఒక ప్రయాణం

జర్మనీలో బడులు చూడటానికి వెళ్ళేవారు ముందుగా చూసుకోవలసింది అక్కడి సెలవుల పట్టిక. పదహారు రాష్ట్రాలు, ఒక్కోదానికి ఒక్కో తేదీ. 2025లో మన దసరా సెలవులు అయిపోయాకే ఫ్రాంక్‌ఫర్ట్‌ ఉన్న హెస్సెన్‌ రాష్ట్రంలో శరదృతువు సెలవులు మొదలయ్యాయి కాబట్టి పాఠాలు జరుగుతుండగానే తరగతులు చూడగలిగాం. ఖాళీ భవనం చూసి బడి మంచిచెడ్డలు తేల్చడం ఎవరి తరమూ కాదు.

మావారికి వచ్చే ఆగస్టు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌, మ్యూనిక్‌, బెర్లిన్‌లలో ఎక్కడైనా పనిచేసే వెసులుబాటు ఉంది. బడిని బట్టే ఊరిని ఎంచుకుందామని బయలుదేరాం. అప్పటికి పాప తొమ్మిదో తరగతిలోకి, బాబు రెండో తరగతిలోకి వస్తారు. మూడు ఊళ్ళూ తిరిగాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటే: ఈ వయసుల పిల్లలిద్దరికీ ఒకే బడి సరిపోదు.

హైదరాబాద్‌ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి నేరుగా విమానం నడుపుతోంది. పిల్లలతో వెళ్ళేవారికి ఇది పెద్ద ఊరట. బసకు మాత్రం నగరంలో ప్రధాన రైల్వేస్టేషన్‌ చుట్టుపక్కల హోటళ్ళు వద్దనే చెబుతాను. ఆ పేటలో రాత్రిపూట పిల్లల చేయి పట్టుకుని నడవడం ఇబ్బందిగా ఉంటుంది. పైగా వాణిజ్య ప్రదర్శనలు ఉన్న వారాల్లో గది అద్దెలు ఒక్కసారిగా పెరుగుతాయి. మేము ఫ్రాంక్‌ఫర్ట్‌ పక్కనే ఉన్న ఓబెరుర్జెల్‌ అనే ఊళ్ళో వంటగది ఉన్న చిన్న అపార్టుమెంటు తీసుకున్నాం. అన్నం, పప్పు వండుకుని పొద్దున్నే బడులకు వెళ్ళాం. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, పాలు, కూరలు శనివారమే తెచ్చుకోవాలి. మరిచిపోతే రైల్వేస్టేషన్‌లోనో విమానాశ్రయంలోనో ఉన్న దుకాణాలే దిక్కు.

ఓబెరుర్జెల్‌ను ఎంచుకోవడానికి కారణం ఫ్రాంక్‌ఫర్ట్‌ ఇంటర్నేషనల్‌ స్కూల్‌. 1961లో మొదలైన ఈ బడి పేరులోనే ఫ్రాంక్‌ఫర్ట్‌ ఉంది, ఉన్నది మాత్రం ఈ ఊళ్ళో, అడవి అంచున. నగరం నుంచి యూ3 రైలెక్కి వాల్ట్‌లుస్ట్‌ స్టాపులో దిగితే దగ్గరే. తొమ్మిదో తరగతి పిల్ల తనంతట తాను వెళ్ళి రాగలదు. అంతర్జాతీయ పాఠశాలలు చాలావరకు ఊరి శివార్లలోనే ఉంటాయి కాబట్టి దూరం సంగతి ముందే తేల్చుకోవాలి. రోజూ బస్సులో రెండు గంటలు కూర్చునే పిల్లకు ఎంత గొప్ప బడైనా అలసటే మిగులుస్తుంది.

ఇక డబ్బు. పేరున్న అంతర్జాతీయ పాఠశాలల్లో పెద్ద తరగతుల ఫీజు ఏటా 20 వేల యూరోలు దాటుతుంది. అంటే దాదాపు 20 లక్షల రూపాయల పైమాటే. దీనికి దరఖాస్తు రుసుము, ప్రవేశ రుసుము, బస్సు, భోజనం అదనం. కంపెనీ కడుతుందిలే అని ధైర్యంగా ఉండేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. బడి వయసు పిల్లల ఫీజు యజమాని కడితే దాన్ని జీతంలో భాగంగానే లెక్కించి పన్ను వేస్తారు. బడి వయసు రాని పిల్లల సంరక్షణ ఖర్చుకే పన్ను మినహాయింపు ఉంది. మన జేబులోంచి కడితే ఫీజులో 30 శాతాన్ని, పిల్లకు ఏటా 5,000 యూరోల వరకు, పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. ఆ 30 శాతంలో భోజనం, వసతి ఖర్చులు కలవవు. ఒక బడిలో ఆ తరగతిలో సీటు ఉందో లేదో చెప్పకుండానే తిరిగిరాని దరఖాస్తు రుసుము కట్టమన్నారు. నాకు అది ఏమాత్రం నచ్చలేదు. సీటు సంగతి రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

ఇంత ఖర్చూ పాప విషయంలో సబబే అనిపించింది. పద్నాలుగేళ్ళ పిల్లను జర్మన్‌ మాధ్యమంలో కూర్చోబెట్టి భౌతికశాస్త్రం చదవమనడం అన్యాయం. రేపు మేము వేరే దేశం వెళ్ళినా, అంతర్జాతీయ పాఠశాలల్లో ఉండే ఐబీ (ఇంటర్నేషనల్‌ బాకలారియేట్‌) చదువు ఆగకుండా సాగుతుంది. అయితే సైన్సు చదివించాలనుకునే తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లను ఇండియాలో నీట్‌ రాయించే ఆలోచన ఉంటే భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడూ కావాలి. ఐబీ డిప్లొమా మామూలు పద్ధతిలో మూడింటినీ కలిపి తీసుకోవడం కుదరదు, ప్రత్యేక అనుమతి కావాలి. జర్మన్‌ విశ్వవిద్యాలయాలు కూడా ఏ సబ్జెక్టులు, ఏ స్థాయిలో చదివారో చూస్తాయి. పదకొండో తరగతిలో సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే ఈ రెండూ ఎదురుగా పెట్టుకోవాలి.

బాబు కథ వేరు. ఓబెరుర్జెల్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు కూడా వెళ్ళాం. ఫీజు లేదు. తరగతి బయట కొక్కేలకు తడిసిన వానకోట్లు వేలాడుతున్నాయి, వాటి కింద వరసగా బురద బూట్లు. పిల్లలు లోపలికి వెళ్ళేముందు మెత్తటి ఇంటి చెప్పులు వేసుకుంటున్నారు. వాళ్ళలో చాలామంది అమ్మానాన్నలు లేకుండా ఇద్దరిద్దరుగా నడిచి వచ్చినవాళ్ళే. జర్మన్‌ రాని పిల్లలకు భాష నేర్పే ప్రత్యేక తరగతులు హెస్సెన్‌లో ఉన్నాయి. ఏడేళ్ళ పిల్లవాడికి భాష ఆటల్లోనే వచ్చేస్తుంది, స్నేహితులు వీధి చివరే దొరుకుతారు. ఈ వయసులో ఏటా 20 లక్షలు పోసి ఆ అవకాశం దూరం చేయడం నాకు ఇష్టం లేదు.

మ్యూనిక్‌లో చదువు బాగానే ఉంటుంది కానీ ఇక్కడ నన్ను వెనక్కు లాగిన విషయం ఒకటుంది. మ్యూనిక్‌ ఉన్న బవేరియా రాష్ట్రంలో నాలుగో తరగతి చివర జర్మన్‌, లెక్కలు, సామాన్యశాస్త్రం కలిపి సగటు 2.33 గానీ అంతకన్నా మెరుగ్గా గానీ ఉంటేనే గిమ్నాజియంకు, అంటే విశ్వవిద్యాలయ చదువుకు సిద్ధం చేసే ఉన్నత పాఠశాలకు, నేరుగా దారి. అక్కడ 1 అత్యుత్తమం, 6 అధమం. భాష నేర్చుకుంటూ ఉన్న పిల్లవాడికి మూడేళ్ళలో ఆ పరీక్ష చాలా బరువు. హెస్సెన్‌లో టీచర్ల సలహా ఉంటుంది, కానీ చివరి మాట తల్లిదండ్రులది. మ్యూనిక్‌ ఇంటర్నేషనల్‌ స్కూల్‌ స్టార్న్‌బెర్గ్‌ దగ్గర, బవేరియన్‌ ఇంటర్నేషనల్‌ స్కూల్‌ హైమ్‌హౌజెన్‌లో, రెండూ పాత కోటల ఆవరణల్లో ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నా నగరంలో ఉద్యోగం చేసేవారికి దూరం. మేము వెళ్ళిన రోజుల్లో అక్టోబర్‌ఫెస్ట్‌ నడుస్తోంది, నగరంలో గది దొరకడమే కష్టం. ఔగ్స్‌బర్గ్‌లో ఉండి ముప్పావు గంట రైల్లో వచ్చాం. అలా చేయడమే మంచిది.

బెర్లిన్‌ విషయం క్లుప్తంగా చెబుతాను. జాన్‌ ఎఫ్‌. కెనెడీ, నెల్సన్‌ మండేలా పాఠశాలలు ప్రభుత్వానివే, ఫీజు లేకుండా ఇంగ్లీషు, జర్మన్‌ రెండింట్లో చదువు చెబుతాయి. దొరికితే అదృష్టమే. కానీ మధ్యలో వచ్చి చేరేవారికి ఎవరైనా ఖాళీ చేస్తేనే సీటు. దాన్ని నమ్ముకుని ఇల్లు మారే ధైర్యం మాకు లేదు.

మేము ఓబెరుర్జెల్‌నే ఖాయం చేసుకున్నాం. ప్రభుత్వ ప్రాథమిక బడి ఇంటి చిరునామాను బట్టి కేటాయిస్తారు కాబట్టి బాబు కోసం ఇల్లు ముందు, పాప కోసం బడి ముందు. రెండూ ఒకే చోట కుదిరే ఊరు ఇది. హైదరాబాద్‌ వచ్చాక చేస్తున్న మొదటి పని పిల్లల టీకా కార్డులను డాక్టరు చేత ఇంగ్లీషులో శుభ్రంగా మళ్ళీ రాయించడం. 2020 మార్చి నుంచి జర్మనీలో తట్టు టీకా రెండు మోతాదులూ వేసినట్టు బడిలో చేరే పిల్లలు రుజువు చూపించాలి, లేకపోతే బడి ఆ సంగతి ఆరోగ్యశాఖకు తెలియజేస్తుంది, మా కార్డుల మీద ఉన్నదేమో చేతిరాత.