నా చెస్ టైంటేబుల్: 16 నెలలు వాడి చూశాక

చెన్నై క్రోంపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక ఫొటో స్టూడియో మేడ మీద, చిన్న చెస్ క్లబ్బు ఉంది. ఏటా సంక్రాంతి దాటాక అక్కడ ఛాంపియన్‌షిప్ మొదలవుతుంది. స్విస్ పద్ధతిలో (ఓడినా ఎవరూ బయటికి పోరు, దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లతో జోడీ పడుతుంది) 7 రౌండ్లు, ఆదివారానికొకటి. ఒక్కొక్కరికి 60 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు కలుస్తాయి. నిరుడు నాకు రెండున్నర పాయింట్లు వచ్చాయి, ఈ ఏడాది నాలుగున్నర. నిరుడు సాధనకి వాడింది కొనుక్కున్న టైంటేబుల్, ఈ ఏడాది వాడింది నేను రాసుకున్నది. కొన్నదాని మీద ఇంకా కోపం చల్లారలేదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అంతకుముందు నా సంగతి రెండు ముక్కలు. మాది గూడూరు. నుంగంబాక్కంలో అకౌంట్స్ ఉద్యోగం, వయసు 43. చిన్నప్పుడు అరుగు మీద నేర్చుకున్న ఆట నాది. బంటు అవతలి గట్టు చేరితే అప్పటికి చచ్చిన పావుల్లోంచే ఏదో ఒకటి బతికించి ఇచ్చేవాళ్లం. 2022లో మామల్లపురంలో 44వ చెస్ ఒలింపియాడ్ జరిగినప్పుడు నేపియర్ వంతెనకి నలుపు తెలుపు గళ్లు వేశారు. అమ్మాయికి చూపిద్దామని తీసుకెళ్లాను. ఆ వారమే అటక మీది బోర్డు కిందికి దిగింది. క్లబ్బులో సగానికి పైగా బడిపిల్లలే. దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్‌ని, విశ్వనాథన్ ఆనంద్‌ని, ఇచ్చిన ఊరు ఇది. ఇక్కడ పదేళ్ల పిల్లాడి చేతిలో ఓడిపోతే నామోషీ పడుతూ కూర్చోలేం.

తెలుగువాళ్లకి ఇక్కడ ఇంకో తిప్పలు కూడా ఉంది. మనకి మంత్రి అంటే బోర్డు మీద అన్నిటికంటే బలమైన పావు. తమిళంలో దాన్ని రాణి అంటారు, మందిరి అంటే మన శకటు. మొదటి ఏడాది ఒక పిల్లాడు ఆట అయ్యాక "మందిరి పోయింది కదా అంకుల్, అక్కడే అయిపోయింది" అని తమిళంలో అంటుంటే, నా మంత్రి చివరిదాకా ఉందని నేను అయిదు నిమిషాలు వాదించాను. ఇప్పుడు అందరితోనూ క్వీన్, బిషప్ అనేస్తున్నాను.

ఇక ఆ కొన్న టైంటేబుల్. టోర్నమెంటుకి రెండు నెలల ముందు, నవంబర్లో, ఒక ఆన్‌లైన్ కోర్సుకి 3,500 రూపాయలు కట్టాను. రోజుకి గంటన్నర. అందులో గంట ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు), పావుగంట పజిల్స్, పావుగంట "మిగతావి". ఆ మిగతావి ఏమిటో చివరిదాకా తెలియలేదు. నల్లపావులకి నైడార్ఫ్ అనే ఓపెనింగ్ నేర్పారు. తెలుపు ఇ4 వేస్తే మనం సి5, తర్వాత డి6, అయిదో ఎత్తుకి ఎ6, ఇదీ దారి (అక్షరం నిలువు వరస, అంకె అడ్డవరస, రెండూ కలిస్తే గడి పేరు). దాన్లో 18 ఎత్తుల దాకా కంఠతా పట్టాను. పొద్దున పళ్లు తోముకుంటూ కూడా అప్పజెప్పుకునేవాణ్ణి. టోర్నమెంటులో నాకు నల్లపావులు మూడుసార్లు వచ్చాయి. ఒకాయన రెండో ఎత్తుకే బిషప్‌ని సి4కి తెచ్చాడు. ఒకమ్మాయి సి3 వేసింది. ఇంకో కుర్రాడు అసలు ఇ4 జోలికే పోలేదు. డి4 వేసి, బిషప్‌ని ఎఫ్4లో కూర్చోబెట్టి లండన్ అనే ఓపెనింగ్ ఆడాడు. నా 18 ఎత్తులూ కడుపులోనే ఉండిపోయాయి. కోర్సు వాళ్లకి మెయిల్ రాస్తే, ఇంకో కోర్సుకి 20 శాతం తగ్గింపు కూపన్ పంపారు.

మార్చిలో చివరి రౌండ్ అయ్యాక మెట్ల దగ్గర చెప్పులేసుకుంటుంటే, క్లబ్బులోని ఒక పెద్దాయన పలకరించారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు, మూడు తరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్లు.

"స్కోర్‌షీట్లు పారేశావా బాబూ?"

"లేదండీ, బ్యాగులోనే ఉన్నాయి."

"అయితే ఓడినవి తియ్. ఆట ఏ ఎత్తు దగ్గర పోయిందో దాని కింద ఎర్ర గీత గీసుకురా. కంప్యూటర్ మాత్రం ముట్టుకోవద్దు."

స్కోర్‌షీటంటే ఆటలో ఎత్తులన్నీ రాసుకునే కాగితం. నావి ఓడినవి నాలుగు. గీతలు గీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఒక గీత తొమ్మిదో ఎత్తు కింద పడింది, అది ఆ లండన్ ఆటే. రెండు గీతలు 20కీ 30కీ మధ్య. రెండుచోట్లా పావుని ఊరికే అప్పగించేశాను. నాలుగోది 50 దాటాక. డ్రా చేసుకున్న ఆట కూడా గెలవాల్సిందేనని అప్పుడే తెలిసింది, అక్కడ 60 దాటాక చెడగొట్టాను. అంటే రోజూ గంటసేపు నేను దిద్దుకున్న భాగంలో పోయింది ఒకే ఒక్క ఆట.

రెండో టైంటేబుల్ ఆ గీతల్లోంచి వచ్చింది. వారానికి అయిదు గంటలు దాటకూడదని గట్టిగా అనుకున్నాను. శనివారం పొద్దున మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక స్నేహితుడితో నిజం బోర్డు మీద, గడియారం పెట్టి, పూర్తి ఆట. ఆ వెంటనే అరగంట దాన్ని తిరగేయడం. సోమ, మంగళ, గురువారాలు తెల్లవారుజామున అరగంట చొప్పున ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశ. ఓపెనింగ్‌కి ఆదివారం అరగంటే. నైడార్ఫ్ వదిలేసి కారో-కాన్ పట్టుకున్నాను. ఇ4కి సి6, తర్వాత డి5, వీలైతే ఇ6 వేసేలోపే బిషప్‌ని బయటికి తెచ్చుకోవడం. నాకు కావలసిందంతా కాగితానికి ఒకవైపు పట్టింది.

అన్నిటికంటే లాభం శనివారం ఆటది. నిరుడు ఓడిన ఒక షీటు మీద చివర్లో గడియారం అంకె రాసుకున్నాను: 58 నిమిషాలు. 32 ఎత్తుల ఆట. 60తో మొదలై, ఎత్తులకి 16 నిమిషాలు కలిశాక కూడా 58 మిగిలాయంటే, నేను మొత్తం ఆలోచించింది 18 నిమిషాలు! ఎదురుగా ఉన్నది ఆరో తరగతి పిల్లవాడు. వాడు నాకంటే రెట్టింపు సేపు ఆలోచించాడు. రోజూ రాత్రి ఫోన్లో మూడు నిమిషాల ఆటలాడి చెయ్యి అలా తయారైంది. రాత్రి ఆటలు మానేశాను. శనివారాల్లో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. నవ్వుకోండి, పనిచేసింది. ఎత్తుని ముందు రాసుకుని, మళ్లీ చూసుకుని అప్పుడు వేసే పాతకాలపు అలవాటు పెద్దాయనకి ఉండేదట. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాలు ఇప్పుడు దాన్ని ఒప్పుకోవు.

ఆ నియమానికి ఒక మినహాయింపు ఉంది, అది తెలియక నిరుడు అర పాయింటు పోగొట్టుకున్నాను. ఒకే పొజిషన్ (పావుల అమరిక) మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు. మూడో రౌండులో అలాగే రాబోతోంది. నేను సంబరంగా ఎత్తు వేసి, గడియారం నొక్కి, "డ్రా" అని ఆర్బిటర్‌ని, అంటే ఆట న్యాయనిర్ణేతని, పిలిచాను. వేసేశాక ఇంకేముంది, వంతు అవతలి వాళ్లది. నా ఎత్తుతో మూడోసారి వస్తుందంటే, దాన్ని వేయకుండా షీటు మీద రాసి ఆర్బిటర్‌కి చెప్పాలి. అవతలి ఆవిడ నవ్వి వేరే ఎత్తు వేసింది. ఇంకో పది ఎత్తులకి ఆట పోయింది. ఫోన్లో ఎంత ఆడినా ఇలాంటివి రావు. శనివారం ఆటలో ప్రతి ఎత్తూ రాస్తూ ఆడబట్టి చేతికి అలవాటయ్యాయి.

పజిల్స్‌కి లీచెస్ అనే వెబ్‌సైటు వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. పైసా ఖర్చు లేదు, ప్రకటనలు లేవు. తప్పు నాదే. మొదటి ఏడాది పజిల్ రేటింగ్ పెరుగుతోందని మురిసిపోయి, బోర్డు మీద మాత్రం గుర్రాన్ని ఊరికే ఇచ్చేసి వచ్చేవాణ్ణి. పజిల్ అంటేనే ఇక్కడేదో ఉందని ముందే చెప్పేసినట్టు. ఆటలో ఎవరు చెబుతారు? ఇప్పుడు ఆఫీసుకెళ్లే రైల్లో మూడే మూడు, అదీ చివరిదాకా కనబడేవరకు స్క్రీన్ ముట్టుకోకుండా. దీన్లో అనుకోకుండా కలిసొచ్చిందేమిటంటే, గిండీ వచ్చేసరికి ఫోన్ మొహం ముందు పట్టుకునే జాగా ఉండదు. జేబులో పెట్టేసి, మాంబళం, కోడంబాక్కం దాటేదాకా బుర్రలోనే పావులు తిప్పుకునేవాణ్ణి. మొదటి నెల మూడో ఎత్తుకే బోర్డు చెదిరిపోయేది. ఆగస్టుకి అయిదు ఎత్తులు నిలబడ్డాయి.

ఎండ్‌గేమ్‌లో నేర్చుకున్నది చాలా తక్కువ, కానీ అది పాయింట్లుగా కనబడింది. నిరుడు డ్రా అయిన అయిదో రౌండు చూడండి. నా బంటు జి7లో, రాజు జి8లో. ఒకవైపు అవతలి రాజు, ఇంకోవైపు హెచ్ వరసలో అవతలి ఏనుగు, నా రాజు బయటికొచ్చే దారి లేదు. నా ఏనుగుని అటూ ఇటూ తిప్పి, విసుగొచ్చి డ్రాకి ఒప్పుకున్నాను. ఇది లూసెనా పొజిషన్ అని, ఎండ్‌గేమ్ నేర్చుకునేవాళ్లకి ఓనమాల్లాంటిదని తర్వాత తెలిసింది. ఏనుగుతో చెక్ ఇచ్చి అవతలి రాజుని ఇంకో గడి నెట్టాలి. అదే ఏనుగుని నాలుగో అడ్డవరసకి తెచ్చుకోవాలి. అప్పుడు మన రాజు బయటికొచ్చి, చెక్‌లు తింటూ ఒక్కో మెట్టూ దిగుతుంది. చివరి చెక్‌కి నాలుగో వరసలోని ఏనుగు అడ్డం పడుతుంది, బంటు మంత్రి అయిపోతుంది. వంతెన కట్టడం అంటారు దీన్ని. లీచెస్‌లో ఆ పొజిషన్ పెట్టుకుని కంప్యూటర్ మీద గెలవడం, వరసగా అయిదుసార్లు తప్పు లేకుండా వచ్చేదాకా. పది రోజులు పట్టింది.

దాని జోడీ ఫిలిడోర్. ఇది ఒక బంటు తక్కువున్నవాడికి ప్రాణం పోస్తుంది. మన రాజు బంటుకి ఎదురుగా నిలబడాలి, మన ఏనుగు మనవైపు నుంచి మూడో అడ్డవరసని కాయాలి. ఆ వరసలోకి బంటు అడుగుపెట్టిన మరుక్షణం ఏనుగు బోర్డు ఆ చివరికి పోయి వెనకనుంచి చెక్‌లు మొదలుపెట్టాలి. ఈ ఏడాది ఆరో రౌండులో అచ్చంగా ఇదే వచ్చింది. ఆడుతున్నది పన్నెండేళ్ల అమ్మాయి, వాళ్ల నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. మూడో వరసలో ఏనుగుని అటొక గడి ఇటొక గడి జరుపుతూ కూర్చున్నాను. తొమ్మిదో జరుపుడికి ఆ అమ్మాయి బంటు తోసింది, నా ఏనుగు బోర్డు ఆ చివరికి పరుగెత్తింది. డ్రా. గెలిచిన నాలుగు ఆటలకంటే ఈ అర పాయింటే నాకు ఎక్కువ తీపి. ఎండ్‌గేమ్‌కి అంత సమయం దండగ అనేవాళ్లకి 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట చూపిస్తాను. సింగపూర్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తుకి ఏనుగుని ఎఫ్2కి జరిపాడు. ఏనుగులు మారిపోయాయి, బిషప్‌లూ మారక తప్పలేదు, ఒక బంటు ఎక్కువున్న మన చెన్నై గుకేష్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

తిండి సంగతి ఏ టైంటేబుల్లోనూ లేదు. నిరుడు రౌండుకి ముందు హోటల్లో నెయ్యి కారే వెన్‌పొంగల్, వడ తిని వెళ్లేవాణ్ణి. పదిన్నరకల్లా బోర్డు మీది గళ్లు ఊగేవి. ఈసారి రెండు ఇడ్లీలు, ఫ్లాస్కులో కాఫీ.

లోపాలూ చెప్పాలి. అక్టోబర్లో స్నేహితుడికి కోయంబత్తూరు బదిలీ అయింది, శనివారం ఆట కుంటుపడింది. కంప్యూటర్‌తో అంతసేపు ఆడితే ఆ టెన్షన్ రాదు, సగంలో లేచిపోబుద్ధవుతుంది. తెల్లవారుజాము అరగంట నవంబర్ వానల్లో రెండు వారాలు ఎగిరిపోయింది. ఇంట్లో కూడా "శనివారం సగం మీ ఏనుగులకే సరిపోతే, కూరగాయలు ఎవరు తెస్తారండీ?" అన్న మాట వినబడుతూనే ఉంది. సాయంత్రం నేనే తెస్తున్నాను, వడలిపోయినవి.

ఈ ఏడాది ఓడిన రెండు షీట్లు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఒకదాంట్లో గీత 12వ ఎత్తు కింద. మళ్లీ అదే కుర్రాడు, అదే లండన్, మూడు ఎత్తులు మాత్రం ఎక్కువ నిలబడ్డాను. రెండోదాంట్లో గీత ఎక్కడ గీయాలో తేలడం లేదు. పెద్దాయన 27 అంటారు, నేను 31 అంటున్నాను.