15 ఏళ్లు నిండిన బండిని తనిఖీకి సిద్ధం చేసే కంచరపాలెం వర్క్‌షాపు

మా హీరో హోండా స్ప్లెండర్ 2009లో ఏపీ 31 సిరీస్‌లో రిజిస్టరైన బండి. సొంత వాడకపు వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది కాబట్టి, గడువు దగ్గరపడినప్పుడు దాన్ని విశాఖపట్నం మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయంలో తనిఖీకి నిలబెట్టి, మరో 5 ఏళ్లకు పునరుద్ధరించుకోవలసి వచ్చింది. ఆ తనిఖీకి బండిని సిద్ధం చేసే పనిని కంచరపాలెంలో బోర్డు కూడా లేని ఒక చిన్న వర్క్‌షాపుకు అప్పగించాను. అక్కడి మేస్త్రి గారు చేసిన పనులూ, చేయడానికి ఒప్పుకోని పనులూ రెండూ నాకు నచ్చాయి.

పాత బండి కనబడగానే చాలామంది మెకానిక్కులు ట్యాంకు పెయింటు గురించి, కొత్త స్టిక్కర్ల గురించి మాట్లాడతారు. ఈయన ముందుగా ఆర్‌సీ అడిగి, అందులోని చాసిస్ నంబరునూ ఇంజిన్ నంబరునూ బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూసుకున్నారు. మల్కాపురంలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిన బండి కావడం వల్ల, సముద్రపు ఉప్పుగాలికి హ్యాండిల్ కింది ఫ్రేమ్ గొట్టం తుప్పు పట్టి, చాసిస్ నంబరులో చివరి అంకెలు దాదాపు కనబడకుండా పోయాయి. "బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు మొదట చూసేది ఇదే సార్, ఇది చదవడానికి రాకపోతే మిగతా బండి ఎంత బాగున్నా లాభం లేదు" అని చెప్పి, కుర్రవాడు తెచ్చిన ఎమరీ కాగితాన్ని (తుప్పు గీకే గరుకు కాగితం) వెంటనే పక్కన పెట్టించారు. గీకితే అంకెల అంచులు అరిగి, నంబరును ఎవరో మార్చారన్న అనుమానానికి తావిస్తుందట. కిరోసిన్‌లో తడిపిన గుడ్డను చాలాసేపు ఆ చోట చుట్టి ఉంచి, మెత్తని బ్రష్‌తో తుప్పును కొంచెం కొంచెంగా వదిలించి, దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి చూపించారు. అన్ని అంకెలూ స్పష్టంగా వచ్చాయి. ఆ తరువాత మళ్లీ తుప్పు పట్టకుండా పలచగా గ్రీజు రాశారు. తీరప్రాంతంలో బండి నడిపేవారందరికీ ఈ ఒక్క పని ఎంత ముఖ్యమో నాకు అప్పుడే అర్థమైంది.

బ్రేకుల విషయంలోనూ అంతే శ్రద్ధ చూపారు. వెనక బ్రేకును పూర్తిగా నొక్కినప్పుడు డ్రమ్ము బయట ఉన్న బాణం గుర్తు హద్దు దాటిపోతోందని, అంటే లోపల చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు షూలు అరిగిపోయాయని నా చేతనే నొక్కించి చూపించి, అప్పుడు మార్చారు. ముందు షూలు ఇంకా బాగున్నందున శుభ్రం చేసి అవే బిగించారు. ద్విచక్ర వాహనపు టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. మా వెనక టైరు ఆ హద్దుకు కాస్త పైనే ఉన్నా, వానాకాలం ముందుంది కనుక మార్చడమే మంచిదని చెప్పి, నిర్ణయం నాకు వదిలేశారు. ఎప్పుడో ఊడదీసి అటక మీద పడేసిన సారీ గార్డును మాత్రం తప్పనిసరిగా తెమ్మన్నారు. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని నియమం చెబుతోంది. చీర కొంగు, చున్నీ చక్రంలో పడి జరిగే ప్రమాదాల గురించి విన్నవారెవరూ దీన్ని తేలికగా తీసుకోరు. హారన్, ఇండికేటర్లు, అద్దాలు, నంబరు ప్లేటు వంటివి మామూలుగానే సరిచేశారు.

పొల్యూషన్ పరీక్ష దగ్గర ఆయన నిజాయితీ నాకు మరింత స్పష్టంగా కనిపించింది. 2000 తరువాత తయారై, బీఎస్-4 కాలుష్య ప్రమాణాలకు ముందున్న ఫోర్ స్ట్రోక్ బళ్లకు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4,500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 4,500) దాటకూడదు. ఆ సర్టిఫికెట్టు 6 నెలలే చెల్లుతుంది. పరీక్ష పూట మాత్రం కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గించి, కాగితం చేతికి రాగానే మళ్లీ యథాస్థానానికి తిప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. ఈయన అందుకు ఒప్పుకోలేదు. పెట్రోలు అవసరానికి మించి తగ్గిస్తే ఇంజిన్ వేడెక్కి, సింహాచలం ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ఊపిరాడనట్టు ఆగి ఆగి లాగుతుందని చెప్పి, ముందు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ మార్చి, కార్బురేటర్ విప్పి కడిగి, ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండే సందు) సరిచేసి, ఇంజిన్ బాగా వేడెక్కాకే ఐడిలింగ్, అంటే బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, సర్దారు. పొగ పరీక్షకు కూడా చల్లబడిన బండిని తీసుకెళ్లవద్దని, కాసేపు నడిపి వెంటనే పెట్టించమని చెప్పారు. రీడింగు హద్దుకు చాలా కిందే వచ్చింది, బండి లాగుడూ మెరుగుపడింది.

లోపాలు లేవని చెప్పలేను. పని మొదలుపెట్టే ముందు ఖర్చు కాగితం మీద రాసి ఇవ్వరు. విడిభాగాలూ కూలీ కలిపి, టైరు కాకుండా, 4,000 రూపాయల లోపే అయినా, ఆ అంకె చివరిదాకా నాకు తెలియలేదు. పగిలిన ఇండికేటర్ స్థానంలో కంపెనీది కాని నాసిరకం ముక్క బిగించి, అడిగాకే మార్చారు. ఉన్నది ఆయనా, ఒక కుర్రవాడే కాబట్టి చెప్పిన వేళకు బండి చేతికి రాదు.

అందువల్ల అక్కడికి వెళ్లేవారు గడువు చివరి వారం దాకా ఆగకూడదు. పునరుద్ధరణ దరఖాస్తును, అంటే ఫారం 25ను, గడువుకు 60 రోజుల ముందు నుంచీ ఇవ్వవచ్చు కనుక, ఆ 60 రోజులు మొదలవగానే బండిని వర్క్‌షాపులో వదలడం మేలు. ఒరిజినల్ ఆర్‌సీ వెంట తీసుకెళ్లండి, ఊడదీసిన సారీ గార్డు ఇంట్లో ఎక్కడుందో వెతికి పట్టుకెళ్లండి, కంపెనీ విడిభాగాలే వేయాలని మొదటి రోజే గట్టిగా చెప్పండి.