టెక్సాస్ ఐఎస్‌డీల వేసవి అడ్మిషన్ సేవ: ఫారం గంట పని, అసలు పని నర్సు దగ్గర

మే చివర్లో బడులు మూసిన దగ్గర్నుంచి ఆగస్టు రెండో వారం దాకా టెక్సాస్‌లో ఏ ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ప్రభుత్వ బడులు నడిపే స్థానిక సంస్థ) నుంచైనా మెయిళ్ళు ఆగవు. కొత్త ప్రిన్సిపాల్ పరిచయం, బ్యాండ్ క్యాంపు తేదీలు, బస్సు రిజిస్ట్రేషన్, స్కూల్ సప్లై జాబితా... వాటన్నిటి అడుగున "మీ ఎన్‌రోల్‌మెంట్ పెండింగ్‌లో ఉంది" అని ఒక లైను. ఈ రివ్యూ ఆ లైను గురించి, అంటే బడిలో పేరు నమోదుచేసే ఆన్‌లైన్ సేవ గురించి. ఇండియా నుంచి పిల్లలతో కొత్తగా దిగినవాళ్ళకీ, ఈ ఏడే బిడ్డను కిండర్‌గార్టెన్‌లో వేసేవాళ్ళకీ ఈ సేవ ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే ఇక్కడి లెక్క.

మార్కులు ముందే: 5కి 3.5. ఆన్‌లైన్ ఫారం బాగుంది, కూర్చుంటే గంటలో అయిపోతుంది. కానీ "సబ్మిట్" నొక్కగానే సీటు వచ్చినట్టు కాదు. టీకాల రికార్డు చూసి నర్సు సరే అన్నాకే బిడ్డ పేరు క్లాసు జాబితాలోకి ఎక్కుతుంది. ఈ సంగతి పోర్టల్ మొదటి పేజీలో ఎక్కడా పెద్దక్షరాల్లో ఉండదు. పోయిన ఒకటిన్నర మార్కుల్లో ఒకటి అందుకే.

అడ్రస్ రుజువు దగ్గర పడే తప్పులు చిన్నవే. లీజులో మొదటి పేజీ ఒక్కటే పెడితే తిప్పి పంపుతారు. పేర్లున్న పేజీ, సంతకాలున్న పేజీ రెండూ కావాలి. దానికి తోడు అదే అడ్రస్‌తో కరెంటు, నీళ్ళు లేదా గ్యాస్ బిల్లు. ఫోన్ బిల్లు సాధారణంగా చెల్లదు, మనవాళ్ళు ఎక్కువగా పెట్టేది అదే. బంధువుల ఇంట్లో ఉంటున్నవాళ్ళయితే ఇంటివాళ్ళ చేత రెసిడెన్సీ అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు గడి చూసి హెచ్-4 (డిపెండెంట్ వీసా) పిల్లల తల్లిదండ్రులు కంగారుపడనక్కర్లేదు. ఖాళీగా వదిలేస్తే "ఎస్"తో మొదలయ్యే ఒక నంబరు బడివాళ్ళే ఇస్తారు. వీసా స్థితి కారణంగా సీటు నిరాకరించే వీలూ లేదు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మాట తేల్చిన ప్లైలర్ వర్సెస్ డో కేసు పుట్టిందే టెక్సాస్‌లోని టైలర్ ఊళ్ళో.

వయసు విషయంలో బేరాల్లేవు. సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్. ఇండియాలో యూకేజీ పూర్తిచేశాడన్న సర్టిఫికెట్ ఈ లెక్కలో పనిచేయదు.

ఇక టీకాలు. కిండర్‌గార్టెన్‌కు టెక్సాస్ అడిగేవి: డీటాప్ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు) 5, పోలియో 4, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) 2, హెపటైటిస్ బి 3, చికెన్‌పాక్స్ 2, హెపటైటిస్ ఎ 2. నాలుగో పుట్టినరోజు దాటాక వేసిన డోసు ఉంటే డీటాప్ 4, పోలియో 3 చాలు. ఏడో తరగతికి టీడాప్ (డీటాప్ రోగాలకే పెద్ద పిల్లలకు వేసే బూస్టర్) ఒకటి, మెనింజైటిస్ టీకా ఒకటి అదనం. ఇంతవరకు పోర్టల్‌లోనూ ఉంటుంది. లేనిదల్లా మన టీకాల పుస్తకం ఈ జాబితాతో ఎక్కడ తేడా కొడుతుందో. అది ఇక్కడ చెప్పుకుందాం.

ప్రభుత్వ కేంద్రంలో టీకాలు వేయించిన పిల్లల పుస్తకంలో ఉండేది ఎంఆర్, ఎంఎంఆర్ కాదు. అంటే గవదబిళ్ళల భాగం లేదు. పైగా మొదటి డోసు తొమ్మిది నెలలకే వేస్తారు. టెక్సాస్‌లో మొదటి పుట్టినరోజున గానీ ఆ తర్వాత గానీ వేసిందే లెక్క. చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఎ టీకాలు మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలోనే లేవు, ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర డబ్బు కట్టి వేయించినవాళ్ళకే ఉంటాయి. పోలియో చుక్కలది ఇంకో తిరకాసు. 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కలు సీడీసీ (అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ) లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ నెల నుంచి వాడుతున్న మందులో రెండు రకాల వైరస్‌కే రక్షణ ఉంది. కాబట్టి పల్స్ పోలియో ఆదివారాలు ఒక్కటి కూడా తప్పకుండా వేయించినా ఇక్కడ ఆ గడి సున్నాయే. ఇంజక్షన్ రూపంలో వేసిన పోలియో డోసుల కోసం వెతకాలి. అయిదు రోగాలకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా మాత్రం బతికిపోతుంది, డీటాప్ గడిలోనూ హెపటైటిస్ బి గడిలోనూ దాన్ని వేసుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువమందిని తిప్పేది తేదీ. 2020 జూలై 12న పుట్టిన పాప పుస్తకంలో ఎంఎంఆర్ పక్కన 04/09/2021 అని ఉందనుకోండి. మనకది సెప్టెంబరు 4, పాపకు ఏడాది దాటింది. నర్సు అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 9 అని చదువుతుంది, అప్పటికి పాపకు ఏడాది నిండలేదు, డోసును లెక్కలోంచి కొట్టేస్తుంది. తప్పు ఎవరిదీ కాదు, డోసు మాత్రం పోయింది. అప్‌లోడ్ చేసేముందే ఇక్కడి పిల్లల డాక్టరుకు పుస్తకం చూపించి, నెల పేరు అక్షరాల్లో చెప్పి, వాళ్ళ సిస్టంలోకి ఎక్కించుకోవాలి. రాష్ట్ర రిజిస్ట్రీ ఇమ్‌ట్రాక్2లోకి కూడా పంపమని అడిగి, ఆ ప్రింటవుట్ పెట్టండి. స్టిక్కర్ అంటించి తేదీ రాయని డోసులకు ఈ దారి కూడా లేదు. నెల, రోజు, సంవత్సరం మూడూ ఉండాల్సిందే.

తక్కువైన డోసులన్నీ బడి తెరిచేలోపు పూర్తికావాలని లేదు. కావలసిన ప్రతి టీకాలో కనీసం ఒక్క డోసు పడి, మిగతావి గడువు ప్రకారం వేయిస్తుంటే తాత్కాలిక ప్రవేశం ఇస్తారు. హెపటైటిస్ ఎ రెండో డోసుకు ఆరు నెలలు ఆగాలి కాబట్టి ఈ వెసులుబాటు లేకపోతే సగంమంది బయటే ఉండేవాళ్ళు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ రెండూ ఒకేరోజు వేయించండి. విడివిడిగా వేస్తే మధ్యలో 28 రోజులు పోతాయి, ఆగస్టులో అది పెద్ద నష్టం. ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వచ్చిపోయిన పిల్లలకు ఆ టీకా అక్కర్లేదు. సుమారు ఏ తేదీన వచ్చిందో తల్లి గానీ తండ్రి గానీ రాసి సంతకం చేసిన కాగితం చాలు. పుస్తకమే పోయినవాళ్ళు రక్తపరీక్షతో రోగనిరోధక శక్తి చూపించవచ్చు, కానీ ఆ రుజువు పోలియో, డీటాప్‌లకు నడవదు.

ఇదంతా జూన్‌లోనే ఎందుకు మొదలెట్టాలంటే, స్కూలు నర్సులు చాలాచోట్ల జూలైలో డ్యూటీలో ఉండరు. జూలై 5న అప్‌లోడ్ చేసినా ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, అప్పటికి డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్లు దొరకవు. డిస్ట్రిక్టు ఆఫీసులో ఆరోగ్య విభాగానికి విడిగా మెయిల్ ఉంటే అక్కడికి ఒక కాపీ పంపడం తెలివైన పని.

మిగిలిన అర మార్కు పోయింది హోమ్ లాంగ్వేజ్ సర్వే దగ్గర. ఇంట్లో ఏ భాషలు వాడతారు, బిడ్డ ఏ భాష మాట్లాడతాడు అన్న చిన్న ప్రశ్నలు, వాటి కింద ఒక సంతకం. చూడ్డానికి జనాభా లెక్కలా ఉంటుంది. ఇంగ్లిష్ కాక మరే భాష రాసినా చేరిన నాలుగు వారాల్లో పిల్లవాడికి లాస్ లింక్స్ (చిన్న పిల్లలకు ప్రీలాస్) అనే ఇంగ్లిష్ పరీక్ష పెట్టి తీరాలి. ఒకటో తరగతి వరకు వినడం, మాట్లాడటం. రెండు నుంచి చదవడం, రాయడం కూడా. ఇంట్లో ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడే అయిదేళ్ళ పిల్లవాడు కొత్త గదిలో కొత్త మనిషి ముందు నోరు విప్పకపోతే మార్కులు రావు. అప్పుడు ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంకా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లవాడు) అని గుర్తిస్తారు, ఆ ముద్ర తీసేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష ఉంటుంది. ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ నేర్పే ప్రత్యేక) తరగతి వద్దని తల్లిదండ్రులు రాసిచ్చినా టెల్పాస్ తప్పదు.

అలాగని తెలుగు పేరు దాచి "ఇంగ్లిష్" అని రాయమని సలహా ఇవ్వం. నిజంగా సాయం కావలసిన పిల్లలకు ఈఎస్ఎల్ మంచి సౌకర్యం, ఖర్చు లేనిది. కానీ తాతయ్య, అమ్మమ్మల ఫోన్ కబుర్లు తలుచుకుని ఆలోచించకుండా తెలుగు అని రాసేసినవాళ్ళకు ఒక దారి ఉంది. చేరిన రెండు వారాల్లోపు, పరీక్ష ఇంకా జరగకపోతే, సర్వే సరిదిద్దమని కోరవచ్చు. ఆ గడువు దాటితే ఎవరూ మార్చలేరు. ఫారంలో ఈ గడువు ప్రశ్నల కింద సన్నని అక్షరాల్లో ఉంటుంది, ఫోన్‌లో నింపేవాళ్ళ కంటికి ఆనదు.

బాగున్నవి కూడా చెప్పాలి. క్రెడిట్ బై ఎగ్జామ్ (పరీక్ష రాసి ఒక తరగతిని లేదా సబ్జెక్టును దాటేసే పద్ధతి) తేదీలను వేసవిలోనే ప్రకటిస్తారు, మన తల్లిదండ్రులు ఆ మెయిళ్ళలో మొట్టమొదట వెతికేది అదే మరి. క్లాసులో చదవకుండా నేరుగా రాస్తే 80 శాతం మార్కులు రావాలి. ఏడాదికి నాలుగు విడతలుంటాయి, రిజిస్ట్రేషన్ మాత్రం చాలా ముందే మూసేస్తారు. లంచ్ రాయితీ దరఖాస్తు పోర్టల్‌లోనే నిమిషాల పని. నిరుటి అర్హత కొత్త ఏడాదిలో మొదటి 30 పనిదినాలే నడుస్తుంది, ఆ తర్వాత పూర్తి ధర పడుతుంది కాబట్టి ఏటా కొత్తగా నింపాలి. బస్సుకు రెండు మైళ్ళ గీత ఉంది, అంతకన్నా దగ్గరైతే ప్రమాదకరమైన దారి అని గుర్తించినచోటే ఎక్కించుకుంటారు. 2025లో వచ్చిన హౌస్ బిల్ 1481 ప్రకారం బడి వేళల్లో ఫోన్లు నిషేధం, స్మార్ట్‌వాచీ కూడా. బడికని వాచీ కొనేవాళ్ళు గమనించాలి. డైరెక్టరీ సమాచారం (బిడ్డ పేరు, ఫొటో లాంటి బడి బయటికి ఇవ్వగల వివరాలు) ఇవ్వవద్దని టిక్ పెట్టేముందు ఇయర్‌బుక్‌కు విడి గడి ఉందేమో చూడండి, లేకపోతే బిడ్డ ఫొటో అందులోంచీ మాయమవుతుంది.

మెసేజ్ యాప్‌లో తెలుగు అనువాదం బటన్ ఉంటే ముచ్చటపడి నొక్కకండి. యంత్రం చేసే పని కాబట్టి "ఎర్లీ రిలీజ్" (బడి ముందే వదిలే రోజు) అన్నది "ముందస్తు విడుదల" అయి కూర్చుంటుంది, పిల్లవాడు జైలు నుంచి వస్తున్నట్టు. ఇంగ్లిష్‌లోనే చదవడం మేలు. చదివేటప్పుడు 08/12 అంటే ఆగస్టు 12, డిసెంబరు 8 కాదు.