హకుబాలో ఆవకాయకి 3,300 యెన్

ముందు లెక్క చెప్పేస్తాను. జపాన్‌లో నాగనో దగ్గరి కొండ ఊరు హకుబాలో ఒక్క రాత్రికి మేం ముగ్గురం కట్టింది 43,350 యెన్, మన డబ్బుల్లో సుమారు పాతిక వేలు. గది, రెండు పూటల భోజనం కలిపి మనిషికి 13,200 చొప్పున 39,600. వేడినీటి బుగ్గ స్నానానికి పన్ను మనిషికి 150 చొప్పున 450. అది అందరి దగ్గరా తీసుకుంటారు, గోడ మీద బోర్డు కూడా ఉంది, పేచీ లేదు. మిగిలిన 3,300 మాత్రం మా ఆవకాయ వాసన పోగొట్టినందుకట.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యారు. తమ్ముడు టోక్యోలో ఉద్యోగం. వాడుండే నిషికసాయిలో ఎటు చూసినా మనవాళ్లే, ఇడ్లీ పిండికి కూడా లోటు లేదు. "జపాన్ వస్తే గుళ్లూ గోపురాలూ తర్వాత, ముందు ఒలింపిక్స్ జరిగిన చోట్లు చూపించరా" అని నాన్న షరతు పెట్టారు. కిందటి అక్టోబరు చివర్లో వెళ్లాం.

టోక్యోలో నాలుగు రోజులూ హాయిగా గడిచాయి, పెద్దగా చెప్పడానికేం లేదు. నేషనల్ స్టేడియంలో ఆ రోజు ఏదో కార్యక్రమం ఉండి లోపల చూపించే టూర్ లేదు. నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరిన పచ్చికని బయట గోడ అవతల ఊహించుకుని సరిపెట్టుకున్నాం. ఎదురుగా ఉన్న జపాన్ ఒలింపిక్ మ్యూజియం టికెట్ 500 యెన్, దానికి రెండింతలిచ్చినా తప్పులేదు. స్టేడియం సీట్లు ఐదు రకాల మట్టి, ఆకు రంగుల్లో కలగలిపి వేశారని, జనం లేకపోయినా నిండుగా కనిపిస్తుందని తమ్ముడు చెప్పాడు. తీరా 2021లో ఆటలు నిజంగానే ఖాళీ సీట్ల ముందు జరిగాయి. నాన్న నవ్వలేదు. "చప్పట్లు లేకుండా 27 స్వర్ణాలు గెలిచారా వీళ్లు" అని మాత్రం అన్నారు.

సింధు కాంస్యం గెలిచిన ముసాషినో హాలు చూడాలని పట్టుబట్టి తొబితక్యూ స్టేషన్ దాకా వెళ్లారు. తలుపులు వేసి ఉన్నాయి. అద్దంలోంచి చూసి, ఒక ఫొటో దిగి వచ్చేశాం. ఆయనకది చాలు.

టోక్యో నుంచి నాగనోకి షింకన్సెన్ బుల్లెట్ రైల్లో రిజర్వు సీటుకి అప్పుడు 8,340 యెన్ అయింది, గంటన్నర లోపే. ఈ లైను నాగనోలో జరిగిన 1998 వింటర్ ఒలింపిక్స్ కోసమే 1997 అక్టోబర్ 1న మొదలైంది. అంతకుముందు మొదటి షింకన్సెన్ కూడా 1964 టోక్యో ఆటలకి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, అక్టోబర్ 1నే పట్టాలెక్కింది. జపాన్ వాళ్లు చుట్టాలొస్తున్నారంటే ఇంటికి సున్నం వేయించే రకం. నాగనో స్టేషన్ తూర్పు వైపు నుంచి హకుబాకి బస్సు, దాదాపు 70 నిమిషాలు.

ఇక పెన్షన్. అంటే మన పింఛను కాదు. ఆ కొండ ఊళ్లలో కుటుంబాలు నడిపే చిన్న లాడ్జీలని అక్కడ పెన్షన్ అంటారు. "పింఛనుదారుడు పెన్షన్‌లో దిగాడు" అని నాన్న మొదట సరదాపడ్డారు. తమ్ముడు బుక్ చేసేటప్పుడే జపనీస్‌లో రాశాడు: మాంసం, చేప, గుడ్డు తినం. "అర్థమైంది" అని జవాబు కూడా వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

రాత్రి ఆరున్నరకి భోజనం. అందమైన చిన్న చిన్న గిన్నెలు, ఒక్కోదానికీ మూత. చేపముక్క ఉండాల్సిన పళ్లెంలో వేయించిన వంకాయ పెట్టారు. సంతోషించాం. నాన్న సూప్ రెండు గుక్కలు తాగి, గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "ఒరే, ఇదేదో సముద్రం వాసనొస్తోందిరా" అన్నారు. తమ్ముడు వెళ్లి అడిగాడు. యజమాని వంటింట్లోంచి ప్యాకెట్ తెచ్చి చూపించాడు. కత్సువొ, అంటే ఎండబెట్టిన చేప తురుము. సూప్‌లో అదే, ఉడికించిన ముల్లంగిలో అదే, నూడుల్స్ ముంచుకునే పులుసులోనూ అదే. "చేప లేదు కదా, దషి మాత్రమే" అన్నాడాయన. దషి అంటే వాళ్ల వంటకి పునాదిలాంటి రసం. వాళ్ల దృష్టిలో అది చేప కిందికి రాదు, మనం పోపులో ఇంగువని కూర అనుకోనట్టు. ఇంతవరకు నేను అర్థం చేసుకోగలను.

నాన్న ఏమీ అనలేదు. గిన్నెకి మళ్లీ మూత పెట్టి పక్కకి జరిపారు. ఆ మూత పెట్టిన తీరు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. అన్నం మాత్రం ఉంచుకుని, సంచీలోంచి ఆవకాయ ప్యాకెట్లు తీశాం. రెండో ముద్దకల్లా యజమాని వచ్చి నిలబడ్డాడు. బయటి తిండి భోజనాల గదిలో తినకూడదట. సరే, అన్నం గదిలోకి పట్టుకెళ్లొచ్చా అంటే, ఆలోచించి తలూపాడు. గదిలో కింద కూర్చుని తిన్నాం. పొద్దున బిల్లులో కొత్త వరస కనిపించింది: "గాలి మార్పిడి, 3,300". తినని భోజనానికి పైసా తగ్గించలేదు. కార్డు తీసుకోరు, నగదే. తమ్ముడు గొంతు పెంచబోతుంటే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. అయితే ఒకటి, రసీదు మాత్రం చక్కగా ముద్ర వేసి ఇచ్చాడు. నాగనోకి ఆటలు తెచ్చిన బిడ్ కమిటీ లెక్కల పుస్తకాలు తర్వాత కాల్చేశారని లోకమంతా చదివింది. వాళ్లతో పోలిస్తే ఈయన నయం.

2013లో బ్యూనస్ ఎయిర్స్‌లో 2020 ఆటలు టోక్యోకి ఇమ్మని అడుగుతూ టీవీ వ్యాఖ్యాత క్రిస్టెల్ తకిగావా "ఓ-మో-తె-నా-షి" అని అక్షరం అక్షరం విడదీసి చెప్పి చేతులు జోడించిందే, అతిథిని అడక్కముందే కనిపెట్టి చూసుకోవడం అని, ఆ మాట ఆ పొద్దున నాకు పదిసార్లు గుర్తొచ్చింది.

ఈ చిరాకుతోనే స్కీ జంప్ స్టేడియంకి నడిచాం. హప్పో బస్టాండు నుంచి పదిహేను నిమిషాల నడక. నేనైతే వెనక్కి వెళ్లిపోదామన్నాను కూడా. వెళ్లకపోయి ఉంటే తప్పు చేసేదాన్ని. కొండవాలు మీద పక్కపక్కనే రెండు జారుబండలు, పెద్దది కె-120, అంటే 120 మీటర్ల దూకుడుకి లెక్కగట్టి కట్టింది. కుర్చీ లిఫ్ట్‌లో సగం, తర్వాత టవర్‌లో ఎలివేటర్. పైన నడిచేది ఇనప జాలీ మీద. పాదాల కింద గాలి, ఇంకా కింద చెట్లు. నేను రెయిలింగ్ వదల్లేదు. నాన్న మాత్రం ఆటగాళ్లు కూర్చునే అడ్డపట్టీ దగ్గరి దాకా వెళ్లి కిందికి చూస్తూ ఉండిపోయారు. ఎర్రబడ్డ లోయ, ఇళ్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి.

అక్కడ తమ్ముడు కథ చెప్పాడు. 1994లో నార్వేలోని లిల్లెహామర్‌లో వింటర్ ఒలింపిక్స్ టీమ్ జంప్‌లో జపాన్‌కి స్వర్ణం చేతికందిందనుకుంటే ఆఖరి జంప్‌లో హరదా 97.5 మీటర్ల దగ్గరే పడ్డాడు. వెండితో సరి. నాలుగేళ్లకి సొంత దేశంలో, 1998 ఫిబ్రవరి 17న, ఇదే కొండ మీద మంచు తుపానులో మళ్లీ హరదా దూకితే 79.5. మొదటి రౌండు అయ్యేసరికి జపాన్ నాలుగో స్థానం, ఆట ఆగిపోయింది. అక్కడితో రద్దయితే పతకమే లేదు. అప్పుడు టెస్ట్ జంపర్లని పంపారు. దారిలో పేరుకున్న మంచుని తొక్కి, ఆట నడపొచ్చని న్యాయనిర్ణేతలకి చూపించడం వాళ్ల పని. పాతిక మంది, ఒకరి తర్వాత ఒకరు, కళ్లు కనపడని మంచులో దూకారు. వాళ్లలో నిషికాతా ఒకడు. లిల్లెహామర్‌లో హరదాతో కలిసి వెండి గెలిచినవాడు, ఈసారి జట్టులో చోటు దొరకనివాడు. 123 మీటర్లు దూకాడు. ఆట మళ్లీ మొదలైంది. రెండో రౌండులో హరదా 137 మీటర్లు, ఆఖర్న ఫునాకి 125. స్వర్ణం.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మాయ్, మన స్కూల్లో లాంగ్‌జంప్ గొయ్యి ఎవరు తవ్వేవాళ్లో తెలుసా" అన్నారు. జోనల్ పోటీలకి సెలెక్ట్ కాని పిల్లలు. ముందురోజు సాయంత్రం ఇసుక జల్లించి, రాళ్లేరి, సున్నంతో గీతలు వేసి, పొద్దున తడిపి చదును చేసేవాళ్లు. పట్టీ ఎగుడుదిగుడుగా ఉందేమోనని వాళ్లనే ఒకసారి దూకించి చూసేవారట. "సర్టిఫికెట్లలో వాళ్ల పేర్లెక్కడా ఉండవు" అన్నారు. ముప్ఫై ఏళ్ల కిందటి పిల్లల పేర్లు నాలుగు గడగడా చెప్పారు.

మళ్లీ నాగనో. స్టేషన్ దగ్గర ఒయాకి తినండి. గోధుమ పిండిలో కూర పెట్టి కాల్చిన గుండ్రటి బిళ్ల, ఒకటి 250 యెన్. గుమ్మడికాయదీ ఎర్ర చిక్కుళ్లదీ బాగుంటాయి. ఆకుకూరది అడిగి తినండి, దానిలో కొన్నిచోట్ల దషి కలుపుతారు. ఇక్కడి ఎం-వేవ్ అనే స్కేటింగ్ హాలు చెక్క కప్పు కింద 1998లో షిమిజు 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ గెలిచాడు. ఆయన ఎత్తు 162 సెంటీమీటర్లే అని తెలిసి నాన్నకి పరమానందం. బాబ్‌స్లెడ్ ట్రాక్ జోలికి మేం పోలేదు. ఖర్చు భరించలేక 2018లోనే అక్కడ మంచు వేయడం మానేశారు.

ఆ రాత్రి జెంకోజి గుడి సత్రంలో దిగాం. షుకుబో అంటారు, గుడి చుట్టూ 39 ఉన్నాయి. మనిషికి 12,000, ముగ్గురికీ 36,000, రెండు పూటలా భోజనంతో. హకుబా దెబ్బతో తమ్ముడు ముందు రాత్రే ఫోన్ చేశాడు. వాడు నోరు విప్పకముందే అవతలావిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. చేప రసం కూడా వద్దా? ఉల్లి, వెల్లుల్లి తింటారా? పెద్దాయన కింద కూర్చోగలరా? వచ్చేసరికి నాన్నకి పొట్టి స్టూలు సిద్ధంగా ఉంది. భోజనంలో నువ్వులతో చేసిన టోఫు, సముద్రపు పాచి, పుట్టగొడుగుల రసం, వేయించిన తామరదుంప. నాన్న రసం మూడుసార్లు అడిగి పోయించుకున్నారు.

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. ఒలింపిక్స్ చూశారా అని అడిగితే, స్కూల్లో తమకి ఎస్టోనియా వచ్చిందని చెప్పింది. నాగనోలో ఒక్కో బడికి ఒక్కో దేశాన్ని అప్పగించారు. పిల్లలు ఆ దేశం గురించి చదివి, పాట నేర్చుకుని, ఆటగాళ్లకి స్వాగతం పలికారు. ఆ ఆలోచన 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో పేటకో దేశాన్ని చూసుకున్న పద్ధతి నుంచి వచ్చిందట. హిరోషిమా అనగానే నాన్న, "మా శ్రీకాకుళం అమ్మాయి మల్లీశ్వరి అక్కడే వెండి గెలిచింది" అన్నారు. తమ్ముడు దాన్ని అనువదించాడు. ఆవిడ బదులుగా ఎస్టోనియా జాతీయగీతం రెండు చరణాలు నిలబడి పాడింది. మధ్యలో ఒక ముక్క మర్చిపోయి హమ్ చేసింది.

తెల్లవారుజామున పూజకి తప్పక వెళ్లండి, చలికి భయపడొద్దు. దారి పక్కన మోకరిల్లితే ప్రధాన పూజారి జపమాలతో తల తాకి వెళ్తారు. 1998లో ప్రారంభోత్సవం మొదలైంది ఈ గుడి గంటతోనే.

శాకాహారులకి నా సలహా ఒక్కటే. పెన్షన్‌లో భోజనం తీసుకోకండి, గది మాత్రమే తీసుకోండి. "వెజిటేరియన్" అన్న మాటకి అక్కడ విలువ లేదు. "సకానా నో దషి మో దమే దెస్" అని ఈ ముక్క యథాతథంగా రాయండి, చేప రసం కూడా వద్దని.

బయల్దేరే ముందు పొద్దున అన్నంలోకి నాన్నకి ఆవకాయ మీద మనసు పోయింది. మొన్నటి భయంతో ప్యాకెట్ చేత్తో పట్టుకుని, విప్పొచ్చా అని తమ్ముడి చేత అడిగించారు. ఆవిడ ప్యాకెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో వెల్లుల్లి ఉందా అంది. మా ఇంట్లో ఆవకాయలో వెల్లుల్లి వెయ్యం. లేదన్నాం. అయితే నాకూ కొంచెం అని చాప్‌స్టిక్ కొసతో ఆవగింజంత తీసుకుంది. కళ్లమ్మట నీళ్లు. రెండు గ్లాసుల నీళ్లు తాగి, లేచి వెళ్లి ఇంకో గిన్నెలో అన్నం పెట్టుకొచ్చుకుంది.