శాంపిల్స్ పంపే మూడు పొరల కిట్: రెండు నెలలు వాడాక నా రివ్యూ

గాజువాకలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా దగ్గర అవ్వని టెస్టులన్నీ హైదరాబాద్ పంపిస్తాం, కొన్ని ఫ్లైట్‌లో, కొన్ని నైట్ బస్సులో, వారానికి నాలుగైదు పార్సిళ్లు తప్పకుండా ఉంటాయి. రెండు నెలల కిందట వైజాగ్‌లో కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపులో ఈ ట్రిపుల్ ప్యాకింగ్ కిట్ తీసుకున్నా, ఒక్కోటి 480 పడింది. అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను.

ముందు ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఈ డబ్బాల గురించి ఇంత పట్టింపు నాకు ఊరికే రాలేదు. ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒక చిన్న బాబు సీఎస్‌ఎఫ్‌ని, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిని నడుములోంచి సూదితో తీసి, వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ టెస్టుకి పంపాం, రెండు ఎంఎల్ కూడా లేదు. మామూలు జిప్ కవర్లో వేసి థర్మాకోల్ డబ్బాలో ఐస్‌తో పెట్టి పైన టేప్ చుట్టేశాం, అప్పట్లో అక్కడ అందరం అలాగే చేసేవాళ్లం. మర్నాడు ఫోన్ వచ్చింది, ఐస్ కరిగి డబ్బా నిండా నీళ్లు, ట్యూబ్ మూత వదులైపోయింది, లేబుల్ మీద ఇంకు చెదిరి పేరు కనిపించట్లేదు, శాంపిల్ రిజెక్ట్ అని. ఆ తల్లి శ్రీకాకుళం నుంచి వచ్చినావిడ, విషయం చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మళ్లీ గుచ్చాలేటమ్మా వాడికి?" అని అడిగింది. మళ్లీ గుచ్చారు. బయట కుర్చీలో ఆవిడ పక్కన కూర్చుని నేను కూడా ఆ ఏడుపు విన్నాను. అందుకే ఇప్పుడు ఏ డబ్బా కొన్నా ముందు నేను పరీక్ష పెట్టాకే వాడతాను.

కిట్‌లో ఏం వస్తాయంటే, లోపల స్క్రూ మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, మూతకి రబ్బరు రింగ్ ఉంటుంది, దాంట్లో పరచడానికి నీళ్లు పీల్చే షీటు, ఆ డబ్బా కూర్చునేలా థర్మాకోల్, దాని బయట గట్టి అట్టపెట్టె, చల్లదనానికి రెండు జెల్ ప్యాకులు, స్టిక్కర్లు. మన ట్యూబ్ మొదటి పొర, ప్లాస్టిక్ డబ్బా రెండోది, అట్టపెట్టె మూడోది. చాలామంది ట్యూబూ కవరూ డబ్బా అంటే మూడయిపోయాయి కదా అనుకుంటారు, కానీ ఇలాంటి శాంపిల్స్ రవాణాకి ఉన్న రూల్ ప్రకారం మొదటి రెండూ లీక్ అవ్వకూడదు, మామూలు జిప్ కవర్ దానికి నిలబడదు. ఫ్లైట్‌లో వెళ్లేదానికైతే ట్యూబ్ గానీ మధ్య డబ్బా గానీ, రెండిట్లో ఒకటి 95 కిలోపాస్కల్స్ ప్రెషర్ తేడా తట్టుకోవాలి, పైకి వెళ్లేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి సరిగ్గా బిగించని మూత అక్కడే కారుతుంది. ఈ డబ్బా మీద 95 అని అచ్చు వేసుంది, అది నేను ఇంట్లో పరీక్షించలేను కాబట్టి షాపాయన్ని టెస్ట్ సర్టిఫికెట్ అడిగాను, విసుక్కోకుండా ఫోన్లో పంపించారు. మీరూ అడగండి, ఇవ్వనంటే వేరే షాపు చూసుకోండి.

నేను చేయగలిగిన పరీక్ష మాత్రం చేశాను. అయిదు ఎంఎల్ ట్యూబులు ఆరింట్లో ఎర్ర రంగు నీళ్లు పోసి, రెండింటికి మూతలు కావాలనే వదులుగా పెట్టి, షీటు చుట్టి డబ్బాలో బిగించి మొత్తం ప్యాక్ చేశాను. మా డాబా మీద 1.2 మీటర్లు టేపుతో కొలిచి అక్కడ్నించి వదిలాను, రూల్‌లో డ్రాప్ టెస్ట్ ఎత్తు అదే, అడుగు మీద, పక్క మీద, మూల మీద పడేలా. అట్టపెట్టె మూల కొంచెం నొక్కుకుంది అంతే. తర్వాత రాత్రంతా తలకిందులుగా పెట్టి పొద్దున్న విప్పితే షీటు మొత్తం ఎర్రగా ఉబ్బిపోయి ఉంది, డబ్బా బయట న్యూస్‌పేపర్ మీద మాత్రం ఒక్క చుక్క మరక లేదు. షీటు అలాగే పనిచెయ్యాలి, లోపలున్న ట్యూబులన్నీ పగిలినా ఆ ద్రవం మొత్తాన్ని పీల్చుకునేంత ఉండాలి, ఏదో ఒక దూది ముక్క పెట్టామా అంటే పెట్టాం అన్నట్టు కాదు.

ఇక ఒకటి ఎందుకు తగ్గించానంటే, ట్యూబులు ఒకదానికొకటి తగలకుండా అరలు గానీ తొడుగులు గానీ ఇవ్వలేదు. పగిలే ట్యూబులు ఒకటికి మించి పెడితే విడివిడిగా చుట్టాలి లేదా మధ్యలో అడ్డు ఉండాలి, అది రూలే. నేను ఒక్కోదానికి బబుల్ షీటు చుట్టి వేస్తున్నాను, కానీ 480 పెట్టి కొన్నాక ఆ పని కూడా మనమే చేసుకోవడం బాగోలేదు. రెండోది స్టిక్కర్. డైమండ్ ఆకారంలో యూఎన్ 3373 అని ఉండేది, స్కేలు పెట్టి కొలిస్తే ఒక్కో పక్క 5 సెంటీమీటర్లు, సరిగ్గానే ఉంది, పక్కన బయలాజికల్ సబ్‌స్టెన్స్ క్యాటగిరీ బీ (రోగక్రిములు ఉండొచ్చు గానీ అత్యంత ప్రమాదకరమైన తరగతి కాని శాంపిల్స్) అన్న అక్షరాలు కూడా 6 మిల్లీమీటర్ల ఎత్తుకి తగ్గలేదు. కానీ మన వైజాగ్ ఉక్కకి, లోపల జెల్ చల్లదనానికి అట్ట చెమ్మగిల్లి, సాయంత్రానికి ఒక మూల లేచిపోతోంది. పైన పారదర్శకమైన వెడల్పు టేప్ వేస్తే ఆగుతోంది.

చల్లదనం సంగతి. పొద్దున్న 10 గంటలకి జెల్ పెట్టి లోపల థర్మామీటర్ వదిలాను, రాత్రి 10కి 7 డిగ్రీలు, మర్నాడు పొద్దున్న 14. అంటే 2 నుంచి 8 మధ్య ఉండాల్సినవి నైట్ బస్సులో పంపితే అంచు మీద ఉంటాయి, ఎండాకాలం అయితే నేను పంపను, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో బండి మీదే అరగంట పోతుంది. ఇంకో మాట, జెల్ ఫ్రీజర్లోంచి తీసి వెంటనే ట్యూబుల పక్కన పెట్టేయకండి, బ్లడ్ ఐస్‌లా గడ్డకట్టుకుపోతే ఎర్ర కణాలు చిట్లిపోయి పొటాషియం లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, ఆ రిపోర్ట్ పట్టుకుని పేషెంట్ కంగారు పడతారు. కాసేపు బయట పెట్టి చెమట పట్టాక, మధ్య డబ్బాకి బయటే, ఒక అట్ట అడ్డం వేసి పెట్టండి. ఆ జెల్‌ని కూడా జిప్ కవర్లో వేస్తే అట్టపెట్టె తడవదు.

డ్రై ఐస్‌కి, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్‌కి, ఈ కిట్ వాడొచ్చా అని మా సెంటర్లో అడిగారు. పెట్టొచ్చు గానీ మధ్య డబ్బాకి బయటే, థర్మాకోల్ మూతకి గాలాడకుండా టేప్ చుట్టేయకూడదు. అది మైనస్ 78 దగ్గర నేరుగా గ్యాస్ అయిపోతుంది, దారి లేకపోతే డబ్బా పేలుతుంది. ఐస్ అయిపోయాక ఖాళీలో డబ్బా దొర్లకుండా ఆనిక కూడా ఉండాలి. దానికి యూఎన్ 1845 స్టిక్కర్ వేరు, ఎన్ని కిలోలు పెట్టామో రాయాలి, ఆ స్టిక్కర్ కిట్‌లో రాదు, విడిగా కొన్నాను.

టెస్ట్ ఫారమ్ ట్యూబ్‌కి చుట్టి రబ్బర్‌బ్యాండ్ వేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు, దయచేసి మానేయండి. లోపల ఏమున్నాయో రాసిన లిస్టు మధ్య డబ్బాకీ అట్టపెట్టెకీ నడుమ పెట్టాలి, అక్కడ పెడితే ఒకవేళ రక్తం కారినా కాగితం బాగుంటుంది, అవతల విప్పేవాళ్లు ముట్టుకునే ముందే లోపల ఏముందో తెలుసుకుంటారు. వాళ్లూ మనలాంటి టెక్నీషియన్లే కదా. పెట్టె మీద ఫోన్ నంబర్ కూడా రాత్రి ఎత్తే మనిషిదే రాయండి, రిసెప్షన్ ల్యాండ్‌లైన్ రాస్తే తొమ్మిది దాటాక ఎవరూ ఉండరు.

ఈ కిట్ అన్నిటికీ కాదు. షుగర్, కొలెస్ట్రాల్ లాంటి వాటికి, అంటే రోగక్రిములు ఉండే అవకాశం చాలా తక్కువ అన్న శాంపిల్స్‌కి, ఎగ్జెంప్ట్ హ్యూమన్ స్పెసిమెన్ అని రాస్తే సరిపోతుంది, మూడు పొరలు మాత్రం వాటికీ ఉండాలి. టీబీ అనుమానం ఉన్న కఫం అయితే క్యాటగిరీ బీ, ఇందులో పంపుతున్నాం. అదే టీబీ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన టీబీ క్రిములు) విమానంలో పంపాలంటే ఇంకా ప్రమాదకరమైన క్యాటగిరీ ఏ కిందకి వెళ్తుంది, యూఎన్ 2814, దాని ప్యాకింగ్ పూర్తిగా వేరు, ఇందులో పెట్టి ఎక్కించకండి. ఫ్లైట్‌లో ద్రవం అయితే ఒక్క ట్యూబ్‌కి లీటరు, మొత్తం పెట్టెకి నాలుగు లీటర్లు మించకూడదు, మనకి అంత అవసరం ఎలాగూ రాదు.

ప్లాస్టిక్ డబ్బా తిరిగొస్తే హైపో (క్రిములని చంపే బ్లీచ్ ద్రావణం)తో తుడిచి, ఆరబెట్టి, రబ్బరు రింగ్ వేలితో తడిమి చూసి మళ్లీ వాడుతున్నాం. నాలుగో ట్రిప్పుకి ఒకదాని రింగ్ కొంచెం సాగినట్టు అనిపించింది, దాన్ని పక్కన పెట్టేశాను. షాపాయనకి ఫోన్ చేసి రింగులు విడిగా దొరుకుతాయా అంటే "కంపెనీని అడుగుతానమ్మా, వచ్చే వారం చెప్తా" అన్నారు. ఇంకో పది కిట్లు ఆర్డర్ పెట్టాను, ట్యూబులకి అరలున్న మోడల్ ఉంటే అదే పంపమన్నాను, వచ్చాక దాన్నీ డాబా మీంచి వదిలి చూసి ఇక్కడే రాస్తాను.